ముసలివాళ్లకు, ముసలివాళ్లకే, ముసలివాళ్లేగా

నెల్లూరులో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "కరోనా సమయంలో వృద్ధులను సమాజం ఎలా చూసింది అన్నదాని మీద ప్రాజెక్టు చేస్తున్నాను. విదేశాల్లో వాళ్లను భారంగా చూశారని చదివాను. మన దగ్గర పెద్దలంటే గౌరవం ఎక్కువ కాబట్టి ఆ సమస్య అంతగా లేదని మా గైడ్ గారు అంటున్నారు. ఫీల్డులో పనిచేసినవాళ్లు ఏమంటారు?"

ఫీల్డులో పనిచేసినదాన్నే. ముప్పై మూడేళ్లు. ముందు ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే నర్సుగా, తర్వాత హెల్త్ సూపర్‌వైజర్‌గా. కందుకూరు, ఉలవపాడు, కనిగిరి, పామూరు వైపు తిరగని ఊరు లేదు. కందుకూరు అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్‌లో నెల్లూరులో కలిపారు. 2021 ఆగస్టు నెలాఖరున రిటైరయ్యాను కాబట్టి కరోనా రెండు విడతలూ డ్యూటీలోనే చూశాను. నువ్వని అంటున్నానని ఏమనుకోకమ్మా, నా కూతురికన్నా చిన్నదానివి.

మీ గైడ్ గారు చెప్పింది సగం నిజం. గౌరవం ఉంది. పండక్కి కాళ్లకు దణ్ణం పెట్టిన చేత్తోనే కొట్టంలోకి కంచం తోసింది కూడా మనమే. ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే వారంలో జరగడం నేను చూశాను. అందుకే "గౌరవం ఉందా లేదా" అని అడుగుతూ పోతే నీ ప్రాజెక్టు ఎటూ తేలదు. పెద్దవాళ్ల గురించి మన నోళ్లలో ఏ మాటలు ఎప్పుడు ఎట్లా మారాయో వెతుకు. నాకు దొరికింది అక్కడే.

మొదటి మాట "ముసలివాళ్లకు ప్రమాదం." ఇది నిజం, ఇందులో చిన్నచూపేమీ లేదు. 2020 ఫిబ్రవరిలో చైనా వ్యాధి నియంత్రణ కేంద్రం బయటపెట్టిన లెక్కలో, జబ్బు నిర్ధారణ అయినవాళ్లలో మొత్తం మీద నూటికి 2.3 మంది పోతే, 70–79 ఏళ్లవాళ్లలో 8 మంది, 80 దాటినవాళ్లలో 14.8 మంది పోయారు. మాకు ట్రైనింగులో చెప్పింది ఇదే, మేం ఇంటింటికీ చెప్పిందీ ఇదే. రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులోనే కదా, 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడు. ఆ అబ్బాయి కోలుకుని ఇంటికి పోయాడు. అదే నెలలో ఇటలీలో తాతలూ అవ్వలూ వందల్లో పోతున్నారని టీవీలు రోజూ చూపించాయి.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాక ఊళ్లో మాట మారింది: "ముసలివాళ్లకే ప్రమాదం." "కు" పోయి "కే" వచ్చింది. మారింది ఒక్క గుణింతమే. దాంతో కుర్రాళ్లు మాస్కు జేబులో పెట్టుకుని పేకాటకు చింతతోపులోకి పోయి, సాయంత్రానికి ఇంటికొచ్చి నాయన పక్కన కూర్చుని అన్నం తిన్నారు.

ఆగస్టు వచ్చేసరికి మూడో మాట మొదలైంది. ఫలానా వీధిలో ఫలానా ఆయన పోయాడంటే ముందు అడిగేది "వయసెంత?" డెబ్భై అని చెబితే అడిగినవాళ్ల భుజాలు కిందికి దిగేవి. "అయితే పెద్దాయనేగా." షుగరు కూడా ఉందంటే ఇంక బాధపడేదేం లేదన్నట్టు. ఆ "గా" దగ్గర మనిషి లెక్కలోంచి పోయాడు. అట్టా అడిగినవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ, భయపడినవాళ్లే ఎక్కువ. ఎదుటివాడి చావుకు ఒక కారణం దొరికితే, ఆ కారణం మనలో లేదు కాబట్టి మనం బతుకుతాం అనే ధీమా. ఆ ధీమా కోసం డెబ్భై ఏళ్ల మనిషిని ఖర్చు రాసేశాం. రోజువారీ బులెటిన్లలో "ఇతర అనారోగ్య సమస్యలు ఉన్నాయి" అని రాయడమూ దీనికి తోడైంది. రాసినవాళ్లు వైద్యపరంగా రాశారు. చదివినవాళ్లు "పోవాల్సినవాళ్లే పోయారు" అని చదువుకున్నారు.

ఈ వైఖరి మన సంప్రదాయంలోనే ఉందా, కొత్తగా వచ్చిందా అని నువ్వు రాయాల్సి వస్తుంది. దానికి మా జేజి, అంటే మా అవ్వ సంగతి చెప్పాలి.

మా జేజి మొహం నిండా స్ఫోటకం (మశూచి) గుంటలు. నాకు ఐదారేళ్లప్పుడు, అంటే 1966–67 ప్రాంతంలో, మా వీధిలో ఒకింట్లో పిల్లకు అమ్మవారు పోసింది. వాకిలికి వేపమండలు కట్టారు. చుట్టాలెవరూ గడప తొక్కలేదు. మా జేజిని మాత్రం వచ్చి బతిమాలి తీసుకుపోయారు. ఆమె రోజంతా ఆ పిల్ల పక్కనే కూర్చుని వేపమండతో విసురుతూ, చల్ల తాగిస్తూ, రాత్రికి మా బావి దగ్గరే నీళ్లు పోసుకుని ఇంట్లోకి వచ్చేది. "అమ్మోరు ఒకసారి పోసినోళ్లకు మళ్లా పొయ్యదే" అనేది. వైద్యశాస్త్రం కూడా చెప్పేది అదే, ఒకసారి వచ్చి తట్టుకున్నవాళ్లకు మళ్లీ రావడం చాలా అరుదు. ఊళ్లో ఆ మచ్చలున్న ముసలివాళ్లే అప్పటి మా నర్సులు. రోగం వచ్చిందంటే జనం వాళ్ల దగ్గరికి పరిగెత్తేవాళ్లు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975 మేలో, పూర్తిగా పోయిందని ప్రకటించింది 1977లో. ఆ తర్వాత మచ్చలున్న ముసలివాళ్లకు ఆ పనీ పోయింది, ఆ విలువా పోయింది.

1918 ఇన్‌ఫ్లుయెంజా ఇంకో రకం. దేశంలో కోటి మందికి పైగా పోయారు, ఎక్కువగా పోయింది ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపువాళ్లు. మిగిలిన పిల్లలను పెంచింది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

అంటే రోగం పెద్దవాళ్లను వదిలేసినప్పుడు వాళ్లు ఇంటికి ఆసరా, రోగం వాళ్లనే పట్టుకున్నప్పుడు ఇంటికి బరువు. గౌరవం అనే మాట రెండు సందర్భాల్లోనూ ఉంది. అది కొలబద్దగా పనికి రాదంటున్నది అందుకే.

ఇప్పుడు మొదటి లాక్‌డౌన్‌కు వద్దాం. ఊరి మొదట్లో చిల్లకంప కొట్టి అడ్డం వేశారు, కనిగిరి, పామూరు వైపు చాలా ఊళ్లలో. 65 దాటినవాళ్లు ఇల్లు కదలొద్దని కేంద్రం సలహా. మంచి సలహానే, నేనే మైకు పట్టుకుని చెప్పాను. అయితే ఆ సలహా రాసినవాళ్ల బుర్రలో ఉన్న ముసలాయన వేరు. ఆయనకు పెన్షన్ వస్తుంది, గది ఉంటుంది, కోడలు అన్నం పెడుతుంది, పేపరు చదువుకుంటాడు. మా ఏరియాలో 68 ఏళ్ల ఆయన బర్రెలు తోలుకుపోతాడు. పొగాకు గ్రేడింగుకు కూర్చునే ఆడవాళ్లలో అరవై దాటినవాళ్లు తక్కువేం కాదు. వాళ్లు ఇంట్లో ఉంటే రోజు కూలి పోతుంది. ఆ రోజుల్లో పొగాకు వేలం కూడా ఆగింది. పైగా పడమటి మండలాల్లో పిల్లలంతా బెంగళూరు, హైదరాబాదుల్లో పనికి పోయి, ఇళ్లకు కాపలా ఈ ముసలివాళ్లే. ఏప్రిల్, మే నెలల్లో ఆ పిల్లలు తిరిగొచ్చినప్పుడు వాళ్లకు వండిపెట్టింది ఎవరు? ఎవరినైతే మేం "ఎవరి దగ్గరికీ పోవద్దవ్వా" అన్నామో ఆ అవ్వలే. "యాడికీ పోకపోతిమి గదమ్మా, వాళ్లే మా కాడికొచ్చిరి" అని ఒకామె నా మొహం మీదే అనింది. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ ఒక మంచి సంగతి కూడా రాసుకో. అప్పటికి రెండు నెలల ముందే, 2020 ఫిబ్రవరి నుంచి, పింఛను ఒకటో తారీఖున వాలంటీరు ఇంటికి తెచ్చివ్వడం మొదలైంది. 2,250 రూపాయలు. కరోనాకు భయపడి వేలిముద్ర ఆపి ఫొటో తీసుకుని ఇచ్చారు. అంతకుముందు అరిగిపోయిన వేళ్లకు మిషన్ ఒప్పుకోక ఎంతమంది ఏడ్చారో. "నా యేలు పడలేదంటే నేను సచ్చిపోయినట్టా నాయనా?" అని మిషన్‌ని అడిగిన అవ్వ, ఫొటోకు మాత్రం కొంగు సర్దుకుని నిలబడింది. పని లేని ఆ నెలల్లో చాలా ఇళ్లలో చేతికొచ్చిన నగదు ఆ పింఛనే. ఒకటో తారీఖున అవ్వకు ముందు కాఫీ ఇచ్చిన ఇళ్లు నాకు తెలుసు. పదో తారీఖుకు మళ్లీ మామూలే అనుకో. అయినా పెద్దవాళ్ల పట్ల వైఖరి అనేదాన్ని ఉపన్యాసాలకన్నా ఆ 2,250 రూపాయలు ఎక్కువ మార్చాయని నా అభిప్రాయం.

నీకు నేను బాగా గుచ్చి చెప్పాలనుకున్నది ఈ తర్వాత సంగతి.

2020 ఆగస్టు రెండో వారం. ఒక ఊళ్లో రైతు కుటుంబం. కొడుకుకు పాజిటివ్ వచ్చి తగ్గిపోయింది. పెద్దాయనకు 74. జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా ముందు జాగ్రత్తని ఆయన్ను పెరట్లో కొట్టంలో పడుకోబెట్టారు. గొడ్లు అమ్మేసి మూడేళ్లయింది, కొట్టం ఖాళీ. నులకమంచం, చెంబు, ఒక బల్బు. కోడలు కంచం గుమ్మం దగ్గర పెట్టి కర్రతో లోపలికి తోసేది. ఆమెను తిట్టుకోవద్దు, ఇద్దరు చిన్న పిల్లలున్నారు, ఎట్టా చెయ్యాలో ఎవరూ చేసి చూపించలేదు. నేను పోయేసరికి ఆమె చెప్పింది: "నాలుగు రోజుల్నుంచి మామకు చాదస్తం ఎక్కువైందమ్మా. రాత్రుళ్లు లేసి ఎద్దులకు మేతేస్తానంటన్నాడు. అన్నం ముట్టడంలా. ఒకసారి జారి పడ్డాడు గూడా."

నేను కూడా తలూపాను. 74 ఏళ్లు, ఖాళీ కొట్టం, ఒంటరితనం, ఎద్దులు గుర్తొచ్చాయి కాబోలు అనుకున్నా. ఆశా వర్కర్ వయసులో నాకన్నా పాతికేళ్లు చిన్నది, ఆ పిల్లే పల్స్ ఆక్సీమీటరు తీసింది, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూసేది. ఆయన వేళ్లు చల్లగా ఉంటే రెండు చేతులతో రుద్ది వేడి చేసి మరీ పెట్టింది, చల్లటి వేలికి అది తప్పు చూపిస్తుంది. 81 వచ్చింది. ఇంకో వేలికి మార్చి పెట్టింది. 82. మామూలుగా 95 పైన ఉండాలి, 94 కన్నా తగ్గితేనే ఆస్పత్రికి పంపమని మాకు ఆర్డరు.

ఆయనది చాదస్తం కాదు. మెదడుకు గాలి చాలడం లేదు.

పెద్దవాళ్లలో కరోనా చాలాసార్లు ఇట్టాగే వస్తుంది. ఒళ్లు కాలదు. తిండి మానేస్తారు, మగతగా పడుంటారు, నడిచే మనిషి పడిపోతాడు, పగలు రాత్రి తెలియకుండా మాట్లాడతాడు. అట్లా ఉన్నట్టుండి వచ్చిన తికమకకు డాక్టర్లు డెలీరియం అంటారు. న్యూమోనియాలో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌లో, ఒంట్లో ఉప్పు తగ్గినా కూడా వస్తుంది. చాదస్తం ఏళ్ల తరబడి మెల్లగా పెరిగేది, ఇది రెండు రోజుల్లో వచ్చేది. తేడా చూడ్డానికి డాక్టరే కానక్కర్లేదు. "పోయిన ఆదివారం ఎట్టా ఉన్నాడు?" అని అడిగితే చాలు. కాని మన కళ్లకు "వయసు" అనే ఒక తెర ఉంది. ముసలాయన ఏం చేసినా ఆ తెర మీదే పడుతుంది. కీళ్లు నొప్పంటే వయసు, ఊపిరాడటం లేదంటే వయసు, ఏడిస్తే వయసు. ఆ కోడలూ నేనూ ఆయన్ను చిన్నచూపు చూడలేదు. ఆయన్ను చూడనే లేదు, ఆయన వయసును చూశాం. చిన్నచూపు అంటే తిట్టడం, కొట్టడం, ఆశ్రమంలో వదిలెయ్యడం అనుకుంటాం. నా అనుభవంలో ఎక్కువ ప్రాణాలు తీసింది ఈ తలూపడమే.

108 వచ్చింది, ఆయన పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి తిరిగొచ్చాడు. అయితే నడక పోయింది. ఆ వయసులో పదిరోజులు మంచం మీద ఉంటే తొడల్లో కండ కరిగిపోతుంది, మళ్లీ రావడానికి నెలలు పడుతుంది. కర్రతో కంచం తోసిన ఆ కోడలే పొద్దున్నే ఆయన చంకలో చెయ్యేసి పెరట్లో తిప్పేది. ఆయన 2023 దాకా బతికాడు.

ఇంకో చిన్న సంగతి, ఇది పూర్తిగా నా తప్పు. ఒక కోవిడ్ కేర్ సెంటర్లో డెబ్భై దాటిన అవ్వ. నేను మాస్కు, దాని మీద ఫేస్‌షీల్డు. ఏం అడిగినా "ఆఁ ఆఁ" అంటుంది. మాత్రలు వేసుకున్నావా? ఆఁ. దగ్గుందా? ఆఁ. మాత్రలు చూస్తే దిండు కింద అట్లాగే ఉన్నాయి. రిజిస్టర్లో "సహకరించడం లేదు" అని రాశాను. పక్క మంచం ఆమె చెప్పింది: "ఆమెకు చెవుడమ్మా, మీ నోరు చూస్తే గదా తెలిసేది." అంటే మా మాస్కులు ఆమెకు ఉన్న ఒక్క దారినీ మూసేశాయి. బయటికొచ్చి, కిటికీ అవతల పది అడుగుల దూరంలో నిలబడి, మాస్కు కిందికి తీసి మెల్లగా మాట్లాడాను. ఆమె నవ్వింది. "ఇంతసేపూ ఎవరో అనుకున్నా, ఆడమనిషివా నువ్వు" అంది. రిజిస్టర్లో ఆ మాట కొట్టేశాను.

రెండో విడత, 2021 ఏప్రిల్, మే. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. ఒక్కటి చెబుతా. ఒకే ఇంట్లో తల్లికి 68, కొడుకుకు 41, ఇద్దరికీ ఊపిరాడటం లేదు. ఆక్సిజన్ మంచం ఒక్కటే దొరికింది. ఫోన్లో నన్ను అడిగారు ఎవరిని తీసుకుపోవాలని. ఆమె వెనక నుంచి అరుస్తోంది, "నాకొద్దు, ముందు అబ్బోడిని పంపించండి" అని. నేనూ అదే అన్నాను. కొడుకు బతికాడు. ఆమె నాలుగో రోజు పోయింది. తర్వాత తెలిసింది, కొడుకు సాచురేషనే, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతమే, ఆమెకన్నా తక్కువట. కాబట్టి వైద్యపరంగా నేను చెప్పింది తప్పు కాకపోవచ్చు. కాని నేను సాచురేషన్ అడగలేదు. వయసు అడిగాను. ఇద్దరి నంబర్లూ తెలుసుకుని అప్పుడు అదే మాట అనుంటే ఇప్పుడు ఇది నీకు రాసేదాన్ని కాదు.

విదేశాల సంగతి అడిగావు కాబట్టి ఇది పక్కన పెట్టి చూడు. ఇటలీలో మత్తు, ఐసీయూ వైద్యుల సంఘం 2020 మార్చిలో ఒక పత్రం రాసింది, ఐసీయూల్లో చోటు చాలకపోతే వయసు పరిమితి పెట్టాల్సి రావచ్చని. ప్రపంచమంతా వాళ్లను తిట్టింది. అమెరికాలో టెక్సాస్ లెఫ్టినెంట్ గవర్నరు, దేశం ఆర్థికంగా నిలబడ్డానికి తాతలు ఆ మాత్రం ప్రమాదం భరించడానికి సిద్ధంగా ఉన్నారన్నట్టు టీవీలో మాట్లాడాడు. ఆయన్నూ తిట్టారు. మన దగ్గర అట్టాంటి పత్రం నా కంటబడలేదు. నిర్ణయాలు మాత్రం వంటింట్లో, అంబులెన్సు దగ్గర, నా ఫోన్లో జరిగిపోయాయి. రాసిన నియమం క్రూరంగా కనపడుతుంది, కాని దాన్ని చదివి "ఇది తప్పు" అని వాదించొచ్చు. రాయని నియమంతో వాదించడానికి ఏముంటుంది? ఇందులో చాలామంది నాతో ఒప్పుకోరు, పర్వాలేదు.

పెద్దవాళ్లే "నాకొద్దు" అన్నారు కదా, అది త్యాగం కదా అని మీ గైడ్ గారు అనొచ్చు. కొందరిది నిజంగా త్యాగమే. కొందరిది మాత్రం, వద్దనకపోతే మర్యాదగా ఉండదని తెలిసి అన్నది. టీకాలప్పుడు దీన్ని బాగా గమనించాను. 2021 మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకు మొదలుపెట్టాం. "నాకెందుకు తల్లీ, కాటికి కాళ్లు జాపుకున్నదాన్ని, పిలకాయలకెయ్యండి" అని ప్రతి వీధిలో ఒకామె. కొడుకు పక్కనుంటే ఇదే పాట. కొడుకు బీడీకి బయటికి పోగానే, "నొప్పి పుడతాదా? రెండోది ఎప్పుడెయ్యాలా?" అని మెల్లగా అడిగేవాళ్లు. బతకాలని ఉందని చెప్పుకోవడానికి కూడా ఆ వయసులో సిగ్గుపడాల్సి వచ్చింది.

ఊరి మాట ఎట్టా తిరిగిందో కూడా చూడు. మార్చిలో పెద్దవాళ్లకు ముందు వేస్తుంటే, "ముసలోళ్ల మీద ప్రయోగం చేస్తన్నారు" అన్నారు. మే 1 నుంచి 18 దాటినవాళ్లందరికీ అని ప్రకటించి, డోసులు చాలక క్యూలు పెరిగేసరికి, "సంపాదించేవాళ్లకు లేకపోతే ముసలోళ్లకెందుకు?" అన్నారు. అన్నది ఒకే మనిషి, మా వీధిలోనే ఉంటాడు. టీకాకు పేర్లు రాయించుకునే కోవిన్ వెబ్‌సైట్లో పేరు ఎక్కాలంటే ఫోనుకు ఓటీపీ రావాలి, సొంత ఫోను లేని అవ్వ పేరు ఎక్కేది కొడుకు తీరిక దొరికినప్పుడే. మేం సెంటర్లోనే పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాక గాని వాళ్లు రాలేదు. అదే మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన కరోనాకని ఇచ్చిన నాటుమందు కోసం జనం వేలల్లో తోసుకున్నారు. అమ్మకు టీకా వేయించడానికి తీరిక లేదన్నవాళ్లు అక్కడ రాత్రంతా లైన్లో నిలబడ్డారు. వాళ్లకు అమ్మ మీద ప్రేమ లేదని నేననను. టీకా "ముసలివాళ్ల జాగ్రత్త", మందు "ఇంటిల్లిపాది ప్రాణం". తేడా అక్కడ.

ప్రాజెక్టులో "వృద్ధులు" అని ఒకే గుంపుగా రాయకు. లాక్‌డౌన్ సలహాకు 65, టీకాకు 60, పింఛనుకు 60, అంతకుముందు అది 65. రైల్లో రాయితీకి ఆడవాళ్లకు 58, మగవాళ్లకు 60. నేను 60 నిండి రిటైరైతే, నాలుగు నెలల తర్వాత ఉద్యోగుల వయసు 62 చేశారు. ముసలితనం ఎప్పుడొస్తుందో జీవోను బట్టి ఉంటుంది మరి! ఆ రైలు రాయితీ సంగతి కూడా చూడు. ఆడవాళ్లకు సగం, మగవాళ్లకు 40 శాతం తగ్గించేవాళ్లు, పెద్దవాళ్లు అనవసరంగా తిరగకూడదని 2020 మార్చి 20న ఆపారు. వాళ్ల మంచికే అన్నారు. కరోనా పోయి రైళ్లన్నీ తిరిగాక కూడా రాయితీ తిరిగి రాలేదు. సావిట్లో ఏసీ పెట్టుకుని మనవడితో వీడియో కాల్ మాట్లాడిన మోతుబరికీ, పొగాకు కాల్చే బేరన్ పక్కన రేకుల ఇంట్లో ఒంటరిగా ఉన్న విధవరాలికీ కరోనా ఒకటే కాదు. ఇంకో మాట, పెద్దవాళ్లంతా అమాయకులూ కాదు. వద్దన్నా వినకుండా పెద్దకర్మలకు రెండొందల మందిని పిలిచిన పెద్దమనుషులను నేను చూశాను, మాస్కు పెట్టుకోమంటే "నీ వయసెంత, నాకు చెప్తావా" అన్నవాళ్లను కూడా.

చట్టం గురించి ఒక పేరా చాలు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం ప్రకారం ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, లాయరు అవసరం లేదు, నెలకు 10,000 దాకా మనోవర్తి ఇప్పించొచ్చు. చూసుకుంటామనే షరతుతో ఆస్తి రాయించుకుని వదిలేస్తే ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. ఫోనులో సాయానికి 14567. కందుకూరులోనో ఒంగోలులోనో ఆర్డీవో ఆఫీసుకు పోయి, కరోనా తర్వాత ఎన్ని అర్జీలు పెరిగాయో సమాచార హక్కు కింద అడుగు, నీ ప్రాజెక్టుకు అది గట్టి ఆధారం అవుతుంది.

ఇంటర్వ్యూలకు పోయేటప్పుడు కొడుకు, కోడలు ఎదురుగా ఉంటే అడగొద్దు. "మిమ్మల్ని బాగా చూసుకున్నారా?" అని అసలే అడగొద్దు, అందరూ బాగా చూశారనే అంటారు. "ఆ రోజుల్లో ఎక్కడ పడుకునేవాళ్లు? కంచం ఎవరు తెచ్చేవాళ్లు, ఎంత దూరంలో పెట్టేవాళ్లు? బాత్రూముకు ఎట్టా పోయేవాళ్లు? ఎవరితో మాట్లాడేవాళ్లు?" అని అడుగు. అడుగులు, గజాలు చెబుతారు. సమాజ దృక్పథం అని మీ సిలబస్‌లో రాసిన మాట ఆ గజాల్లోనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో వయోవివక్ష మీద ఒక నివేదిక తెచ్చింది, ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి పెద్దవాళ్ల పట్ల వివక్ష ఉన్న భావాలున్నాయని అందులో అంచనా వేశారు. దాన్ని ముందుమాటలో వాడుకో. లోపల మాత్రం మన అవ్వల మాటలు ఉండనియ్యి.

నా సంగతి కూడా ఒకటి రాసుకోవచ్చు, పేరు లేకుండా. పోయిన ఏడాది నాకు విషజ్వరం వస్తే మా అబ్బాయి ఒక ఆస్పత్రికి తీసుకుపోయాడు. కుర్చీలో కూర్చున్నది నేను. డాక్టరు నా వెనక నిలబడ్డ మావాణ్ణి చూసి, "పెద్దామె రాత్రి నిద్రపోతోందా?" అన్నాడు. ముప్పై మూడేళ్లు నేను ఎంతమంది కొడుకులను అట్లా అడిగుంటానో. "నన్నడగండి నాయనా, నాకు తెలుసు" అన్నా. ఆ అబ్బాయి మంచివాడు, వెంటనే కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

నువ్వు కందుకూరు వైపు వస్తే నాకు రాయి. కోవిడ్ సెంటర్లో నాకు బుద్ధి చెప్పిన ఆ అవ్వ ఇంకా ఉంది, ఇప్పుడు ఎనభైకి దగ్గర. నేను తీసుకుపోతాను. పొద్దున పదిలోపు రా, తర్వాత ఆమె నిద్రపోతుంది. కుడివైపు కూర్చో, ఎడమ చెవి అసలు పనిచెయ్యదు. వెలుతురు నీ మొహం మీద పడేట్టు కూర్చుని, మెల్లగా మాట్లాడు. చెప్పడం మొదలుపెడితే ఆపదు, ఫోను చార్జింగు నిండా పెట్టుకుని రా.